సీసాలోవి సరే, చేలో ఉన్నవాటికి తిండేది?

చిన్నాయన మా ఊళ్లో జరిగిన ఒక మీటింగుకి వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. జీవన ఎరువులు అమ్మేవాళ్లు పెట్టిన మీటింగు. ఉప్మా, టీ, గోడ మీద కదిలే బొమ్మలు, అన్నీ పద్ధతిగా జరిగాయట. చెంచాడు మట్టిలో ఈ భూమ్మీద మనుషులకంటే ఎక్కువ సూక్ష్మజీవులు ఉంటాయని, మొక్కని పెంచేది అవేనని చెప్పి, ఆ తర్వాత అలాంటి సూక్ష్మజీవుల్నే నింపిన సీసాలు బయటికి తీశారు. ఎకరాకి అర లీటరు పోస్తే యూరియా సగం మానేయొచ్చన్నారు. అంతా విన్న చిన్నాయన నన్ను అడిగింది ఇది: "చెంచాడు మట్టిలోనే అన్ని ఉండాయంటే నా మూడెకరాల్లో ఎన్ని ఉండాలప్పా? మళ్లా సీసాలోవి కొనేది ఎందుకు?"

ఈ మాట అక్కడే అడగాల్సింది. అడగలేదు. పైగా ఉప్మా తిని ఊరికే లేచి రావడానికి మొహమాటపడి ఒక సీసా కొనుక్కొచ్చాడు కూడా.

ఆ ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. మట్టిలోని సూక్ష్మజీవులు మొక్కకి ఎంత మేలు చేస్తాయో ఇప్పుడు అందరికీ తెలుసు, పప్పుజాతి వేర్ల మీద బ్యాక్టీరియా కట్టే బుడిపెలు, అవి గాలి నుంచి పట్టే నత్రజని, భాస్వరం గురించి యూట్యూబ్‌లో వందల వీడియోలున్నాయి. నాకున్న పేచీ వేరే చోట. మన చేలల్లో కరువు సూక్ష్మజీవులకి కాదు, వాటి తిండికి అని నా అనుమానం. మనమేమో తిండి సంగతి వదిలేసి కొత్తవాటిని కొని తెచ్చి ఆకలి చేలో పోస్తున్నాం.

ముందు చిన్నాయన లెక్కనే చూద్దాం. మన దేశంలో జీవన ఎరువుల్ని 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. దాని ప్రకారం ద్రవ రూపంలో అమ్మే రైజోబియం (ఆ బుడిపెలు కట్టే బ్యాక్టీరియా) లాంటివాటిలో మిల్లీలీటరుకి కనీసం 10 కోట్ల బతికున్న కణాలుండాలి. మామూలు చేను మట్టిలో గ్రాముకి ఎన్ని బ్యాక్టీరియా ఉంటాయి? తక్కువలో తక్కువ వేసుకున్నా 10 కోట్లు, చాలా నేలల్లో ఇంతకి పదింతలు. అంటే అర లీటరు సీసాలో ఎన్ని జీవాలున్నాయో అర కిలో మట్టిలోనూ అన్ని ఉన్నాయి. ఎకరంలో నాగలి లోతు వరకు ఉన్న మట్టి ఎనిమిది తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. అందులో అర కిలో కలిపాం. ఇంతే జరిగింది.

ఈ లెక్కకి ఎదురు లెక్క లేకపోలేదు, అది చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. ఎన్ని అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఏవి, ఎక్కడ అన్నదీ చూడాలి. విత్తనానికి పట్టిస్తే, మొలకెత్తిన వేరుకి మొట్టమొదట ఎదురయ్యేవి అవే, అప్పుడు ఎకరం మట్టితో పోల్చడం కుదరదు. సోయాచిక్కుడునే తీసుకోండి. దానికి కావలసిన ప్రత్యేకమైన బ్యాక్టీరియా మన నేలల్లో ఉండేది కాదు. కొత్తగా సోయా వేసిన చేలో ఆ బ్యాక్టీరియా కల్చర్ పట్టించిన విత్తనానికీ పట్టించని దానికీ తేడా గట్టు మీద నిలబడి చూసినా తెలుస్తుంది. బ్రెజిల్ సంగతైతే ఇంకా పెద్దది. యోహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త పట్టుబట్టి, సోయాకి నత్రజని ఎరువు వేయకుండా బ్యాక్టీరియా మీద ఆధారపడేలా అక్కడి పరిశోధనని నడిపించింది. ఇవాళ్టికీ ఆ దేశం సోయాని దాదాపుగా యూరియా లేకుండానే పండిస్తోంది. కాబట్టి సీసా అంటేనే బూటకం అనేవాళ్లతో నేను లేను.

కానీ మా చిన్నాయన వేసేది చెనక్కాయ. మా తాత వేశాడు, ఆయన నాయనా వేశాడు, మధ్యలో అలసందలు, కంది, పెసలు. వీటికి బుడిపెలు కట్టే బ్యాక్టీరియా చాలావరకు ఒకే గుంపులోవి, తరాలుగా ఆ ఎర్రమట్టిలోనే కాపురమున్నాయి. అక్కడ కొత్తగా వచ్చినవి పాతవాటిని తోసేసి వేరు దగ్గర చోటు సంపాదించుకోవడం అంత సులువు కాదు. సీసాలో మంచి రకమే ఉండొచ్చు, ప్రయోగశాలలో బ్రహ్మాండంగా పనిచేసి ఉండొచ్చు, చేలో దాని వంతు వచ్చేలోపు వేరు పాతవాటితో నిండిపోతుంది.

మొక్క ఊరికే పెట్టదు

విత్తి నలభై రోజులైన చెనక్కాయ మొక్కని పదునున్నప్పుడు పారతో కింద నుంచి ఎత్తి, బకెట్ నీళ్లలో మెల్లగా ఆడించి చూడండి. చేత్తో లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. ఆవగింజ కంటే కాస్త పెద్దగా, వేరుకి పక్కగా అతుక్కుని కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ ఎరుపు ఉండాలి. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అది పని మొదలుపెట్టలేదు, లేదా పని అయిపోయింది. ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టం, దాని పేరు లెగ్ హిమోగ్లోబిన్. గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైముకి ప్రాణవాయువు తగిలితే పాడైపోతుంది, బ్యాక్టీరియాకేమో ఊపిరికి ప్రాణవాయువు కావాలి. ఈ చిక్కుని తీర్చడానికే ప్రాణవాయువుని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా అందించే ఈ ఎర్ర పదార్థం. నేను మొదటిసారి చీల్చి చూసినప్పుడు గోరుకి ఎర్రగా అంటుకుంటే, మొక్కకి నెత్తురేమిటని కాసేపు అలాగే చూస్తుండిపోయాను.

ఇదంతా చాలా ఖర్చుతో కూడిన పని. ఒక్క నత్రజని అణువుని విడగొట్టడానికి బ్యాక్టీరియాకి కనీసం 16 ఏటీపీల (ఏటీపీ అంటే కణం శక్తిని ఖర్చుపెట్టే చిల్లర నాణెం లాంటిది) శక్తి కావాలి. ఇదే పనిని ఫ్యాక్టరీలో చెయ్యడానికి 1913లో జర్మనీలో మొదలైన పద్ధతిలో నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడి, దానికి తోడు విపరీతమైన ఒత్తిడి కావాలి. బుడిపెలో ఆ వేడి లేదు, ఆ శక్తంతా ఆకు వండిన చక్కెర నుంచే రావాలి. భాస్వరం మోసుకొచ్చే మైకోరైజా శిలీంధ్రాలదీ ఇదే పద్ధతి. వేరు చొరబడలేని సందుల్లోకి సన్నటి దారాల్లా పాకి, వేరుకి దూరంగా ఉన్న భాస్వరాన్ని తెచ్చిస్తాయి, బదులుగా మొక్క తయారుచేసుకున్న ఆహారంలో 4 నుంచి 20 శాతం దాకా తీసుకుంటాయని అంచనాలున్నాయి.

ఇంత ఖర్చు పెట్టే మొక్క లెక్క చూసుకోకుండా ఉంటుందా? మట్టిలో యూరియా తాలూకు నత్రజని తేరగా దొరికితే బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. భాస్వరం దండిగా ఉంటే శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. చిన్నాయన చేలో యూరియా బస్తాలు దించి, విప్పి, కలిపే మూల ఒకటుంది, ప్రతి ఏడూ అక్కడ కొంత ఒలుకుతుంది. ఆ మూల మొక్కలు నల్లటి పచ్చగా ఏపుగా ఉంటాయి, పీకి చూస్తే బుడిపెలు అక్కడొకటి ఇక్కడొకటి. యూరియా బ్యాక్టీరియాని చంపేసిందని అందరూ అనేది ఇలాంటివి చూసే. చంపిందేమీ లేదు, మొక్కే ఖాతా మూసేసింది.

ఈ సంగతి తెలిస్తే అమ్మకాల్లోని కొన్ని తమాషాలు అర్థమవుతాయి. భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు దట్టించిన చేలోనే మైకోరైజా గుళికలూ చల్లమంటారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ తోటలకి కూడా మైకోరైజా అమ్మడం నేను చూశాను. ఆవాలు, క్యాబేజీ కుటుంబం మొక్కలు ఆ శిలీంధ్రంతో పొత్తే పెట్టుకోవు. కావాలంటే వ్యవసాయ కాలేజీలో మొదటేడు చదివే పిల్లల్నెవరినైనా అడగండి.

ఇంకో మాట. ఇప్పుడు మట్టిలో ఏ మంచి జరిగినా సూక్ష్మజీవుల ఖాతాలో వేయడం అలవాటైపోయింది. మన పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో చేసిన పని ఒకటి 1990లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది, చాలా పంటలకి అందదు. కంది మాత్రం దాన్ని తీసుకోగలుగుతోంది. ఎలాగా అని చూస్తే, కంది వేర్ల నుంచి పిసిడిక్ ఆమ్లం అనే పదార్థం కారుతోంది, అది ఇనుముని పట్టేసుకుని భాస్వరాన్ని విడిపిస్తోంది. అది వేరు తన సొంతానికి చేసుకున్న ఏర్పాటు. చెనక్కాయలో ఏడు సాళ్లకి ఒక కంది సాలు వేసే మా వైపు పద్ధతి మీద నాకున్న గౌరవం ఆ కాగితం గురించి తెలిశాక రెట్టింపైంది.

యూరియా పాపం ఎంత?

ప్రకృతి వ్యవసాయం మిత్రులతో నాకు గొడవ వచ్చేది ఇక్కడే. రసాయన ఎరువులు నేలని చంపేశాయి, అవి ఆపితే నేల తిరిగి బతుకుతుంది అంటారు. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ వస్తున్నారు. కొన్ని మడులకి ఏమీ వేయరు, కొన్నింటికి రసాయన ఎరువులు, కొన్నింటికి పశువుల ఎరువు. నూట ఎనభై ఏళ్ల తర్వాత చూస్తే, ఏమీ వేయని మడికంటే రసాయన ఎరువు వేసిన మడిలోనే సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ వేరూ మట్టిలో మిగిల్చే సూక్ష్మజీవుల తిండి, కాస్త ఎక్కువుంది. పంట బాగా పెరిగితే వేర్లూ మోళ్లూ ఎక్కువగా మట్టిలో మిగులుతాయి కదా. అయితే పశువుల ఎరువు వేసిన మడి ఈ రెంటినీ దాటి ఎక్కడికో పోయింది, రెట్టింపు పైనే. ఈ ఒక్క పొలంలో ఇరు పక్షాలకీ చెప్పాల్సిన జవాబు ఉందని నాకనిపిస్తుంది. యూరియా విషం కాదు, అలాగని యూరియా ఒక్కటే వేస్తే మట్టిలోని ప్రాణులకి మిగిలేది పెద్దగా ఉండదు.

2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి ఆపేసి, అదే ఏడు నవంబరులో వెనక్కి తగ్గింది, అయినా వరి దిగుబడి పడిపోయి, బియ్యం దిగుమతి చేసుకునే పరిస్థితి వచ్చింది. మట్టిలో ప్రాణులకి తిండి నిల్వ లేకుండా, వాటి మీద ఒక్కసారిగా మొత్తం భారం పెడితే ఏమవుతుందో అక్కడ కనిపించింది.

మరి మన దగ్గర ఆ తిండి ఎటు పోతోంది? చెనక్కాయ నేలకి బలం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. కోత ఎలా చేస్తాం? మొక్కని వేర్లతో సహా పీకుతాం. కాయలు కోసుకుంటాం, మిగిలిన మొక్కని, అంటే కట్టెని, వామి వేస్తాం. గింజలో నాలుగో వంతు ప్రొటీనే, అంటే క్వింటాలు గింజలతో దగ్గరదగ్గర 4 కిలోల నత్రజని చేను దాటిపోతుంది. కట్టెలో ఉన్నది కట్టెతో పోతుంది. బుడిపెలు గాలి నుంచి తెచ్చిన దానికంటే మనం పట్టుకుపోయేదే ఎక్కువయ్యే చేలు చాలా ఉంటాయి. పూర్వం ఆ కట్టెని ఎద్దులు తిని, పేడ దిబ్బకెళ్లి, దిబ్బ మళ్లీ చేనుకొచ్చేది. మా ఇంట్లో ఎద్దులు పోయి చాలా కాలమైంది, వామిని ట్రాక్టర్‌కి ఎత్తి పాల డెయిరీ నడిపేవాళ్లకి అమ్మేస్తున్నాం. డబ్బులొస్తాయి. చేనుకి తిరిగొచ్చేది మాత్రం ఏమీ లేదు.

ఆ తర్వాత డిసెంబరు నుంచి జూన్ దాకా నేల ఎండలో నగ్నంగా పడి ఉంటుంది. మా అనంతపురం వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది, అదీ కొన్ని నెలల్లోనే. మిగతా కాలమంతా చేలో పచ్చటి వేరు ఒక్కటి ఉండదు. వేరు లేకపోతే చక్కెర కారదు, చక్కెర లేకపోతే వేరు చుట్టూ బతికే ప్రాణులు నిద్రలోకి పోతాయి, లేదా చస్తాయి. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ అని రాస్తారు. మా వైపు కాగితాల్లో ఆ గడిలో "తక్కువ" కాకుండా ఇంకేదైనా రాసి ఉంటే, కార్డు మనదేనా అని పేరు సరిచూసుకుంటారు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో మొత్తం పన్నెండు అంశాలుంటాయి. ప్రాణుల గురించి ఒక్క గడీ లేదు, ఉన్నవాటిలో వాటి తిండిని చెప్పేది ఈ కర్బనం ఒక్కటే, దాన్నే మనం చూసి వదిలేస్తాం.

డ్రమ్ము చుట్టూ ఫోటోలు

ప్రకృతి వ్యవసాయం వాళ్లు డ్రమ్ములో పులియబెట్టి చేలో పోసే జీవామృతం గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే ఊరుకోరని తెలుసు. రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. మొత్తం కలిపి చూస్తే ఇందులో నత్రజని పావు కిలో చుట్టుపక్కలే ఉంటుంది. ఇరవై అయిదు క్వింటాళ్ల వరి పంట ఎకరా నుంచి 40–50 కిలోల నత్రజని తీసుకుంటుంది. అందుకే ప్రకృతి వ్యవసాయం వాళ్లు ఇది ఎరువు కాదు, తోడు అంటారు. తోడు వేస్తే పెరుగవ్వాలంటే పాలుండాలి కదా? పాలెక్కడివి అన్నదే నా ప్రశ్న.

వరిమడికైతే కొంత జవాబుంది. నిలవ నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పడుతుందని 1939లోనే పి.కె. డే బెంగాల్ వరి పొలాల మట్టి మీద చేసిన పనితో తెలిసింది. అయినా వరిలో ఇలా స్వేచ్ఛగా బతికే ప్రాణులు తెచ్చేది హెక్టారుకి 20–30 కిలోల ప్రాంతం, ఎకరాకి లెక్కేస్తే పది కిలోలు. మెట్టలో అదీ ఉండదు. మిగతాది నేలలో పాత నిల్వ నుంచే రావాలి, లేకపోతే పప్పుజాతి పంటల నుంచి. పాత నిల్వ ఎన్నేళ్లొస్తుంది? మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గలేదని చెప్పే రైతులు అబద్ధం చెబుతున్నారని నేననను. ఆరో ఏడు, పదో ఏడు లెక్క చూడాలంటాను.

ఇంత అనుమానం ఉన్నా, ఆంధ్రాలో 2016 నుంచి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ చేయిస్తున్న ప్రకృతి వ్యవసాయం పనిలో నాకు బాగా నచ్చిందొకటుంది. అది డ్రమ్ము కాదు. వానలకి ముందే, పొడి దుక్కిలో నవధాన్యాలు కలిపి చల్లించడం, ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండేలా చూడడం. అంటే వేర్లుంటాయి, వేర్ల నుంచి తిండి కారుతుంటుంది, అందులో పప్పుజాతి ఉంటే నత్రజనీ వస్తుంది. చిక్కేమిటంటే డ్రమ్ములో కర్ర తిప్పుతుంటే ఫోటో బాగా వస్తుంది. చేలో బుర్రెత్తిన అలసంద మొలకలకి ఫోటో ఎవరు తీస్తారు?

వేరు తెగుళ్లని అడ్డుకునే శిలీంధ్రం ట్రైకోడెర్మా విషయంలోనూ ఇదే జరిగింది. శాస్త్రవేత్తలు మొదటి నుంచీ చెబుతున్నది, ఎకరాకి రెండు కిలోల ట్రైకోడెర్మాని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులుంచి, బాగా వృద్ధి అయ్యాక చల్లమని. ఆ తొంభై కిలోల్లోనే కిటుకంతా ఉంది. ఇప్పుడు చాలామంది తొంభై కిలోలు తీసేసి, రెండు కిలోలు మాత్రం డ్రిప్‌లో వదిలేస్తున్నారు. మా మండలంలో ఒక షాపులో ఈ ప్యాకెట్లు రేకుల కింద, పడమటి ఎండ నేరుగా పడే అరలో పేర్చి ఉన్నాయి. ఏప్రిల్ నెల. ప్యాకెట్ మీదేమో చల్లటి చోట ఉంచాలని రాసుంది. ఇవి బతికున్నాయా అన్నా అంటే, "డేట్ ఉంది కదా సార్" అన్నాడు.

మరి తిండి పెట్టేదెవరు?

చిన్నాయనకి నేను చెప్పింది, తెచ్చిన సీసాని ఎలాగూ తెచ్చావు, పశువుల పెంటలో కలిపి వాడుకో, వచ్చే ఏడు ఆ డబ్బుతో ఒక వాన ముందు అలసందలు చల్లు, కంది సాళ్లు ఎత్తేయకు, కంది ఆకు రాలనీ అని. ఆయన సరేనన్నాడు, ఆయన సొంత భూమి కాబట్టి.

ఇదే మాట పక్క చేను రైతుతో అంటే ఆయన నవ్వాడు. ఆయనది కౌలు. ట్రాక్టర్ పెంట తోలాలంటే నాలుగైదు వేలు, మూడెకరాలకి ఎన్ని ట్రాక్టర్లు కావాలో మీరే వేసుకోండి. పెంటలోని సారం మొదటి ఏడే అంతా రాదు, రెండో ఏడు, మూడో ఏడు కూడా పంటకి అందుతూ ఉంటుంది. "వచ్చే ఏడు ఈ చేను నాకిస్తాడో, ఇంకొకడికిస్తాడో. నేను పెంట తోలితే వాడు పంట తీసుకోవాల్నా?" అన్నాడు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే కార్డు గడువు కూడా 11 నెలలే. ఆ కాగితం పట్టుకుని ఎవరైనా నేలకి మూడేళ్ల తిండి ఎందుకు పెడతారు? సీసా ఖర్చు మాత్రం ఆ పంటతోనే మొదలై ఆ పంటతోనే తేలిపోతుంది. ఆయన రెండు సీసాలు కొన్నాడు. ఆయన లెక్కలో నాకైతే తప్పు కనిపించలేదు.